బిడ్డకు దూరం మసకగా కనబడితే: అద్దాల దుకాణానికి వెళ్ళే ముందూ, వెళ్ళి వచ్చాకా చేయవలసిన పనులు

దేవరకొండ బస్టాండులో నల్లగొండ బస్సు కోసం నిలబడినప్పుడు మీ అబ్బాయి బోర్డు చదవకుండా, బస్సు రంగును బట్టీ అది వచ్చి ఆగిన చోటును బట్టీ ఏ ఊరిదో ఊహించి చెబుతున్నాడా? తరగతిలో నల్లబల్ల మీది లెక్కను తాను చూసి రాసుకోకుండా పక్కవాడి నోటుబుక్కులోంచి ఎక్కించుకుంటున్నాడా? ఇటువంటి సంగతులను ఇంట్లో పరాకు అంటారు, బడిలో మేము బద్ధకం అంటాం. పిల్లలకు లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పే నేను కూడా అలా పొరబడి మందలించిన పిల్లలున్నారు. తనకు మసకగా కనిపిస్తోందని పిల్లవాడు సాధారణంగా చెప్పడు, ఎందుకంటే లోకం అందరికీ అలాగే కనిపిస్తుందని వాడి నమ్మకం.

మా వైపు దీన్ని ‘సైటు వచ్చింది’ అంటారు. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి చాలా గందరగోళం చేస్తాయి. దగ్గరివి బాగా కనిపించి దూరం మసకబారడం హ్రస్వదృష్టి. దానికి మైనస్ పవర్, అంటే పుటాకార కటకం కావాలి. నలభై దాటినవారికి దగ్గరి అక్షరాలు కనిపించకపోవడం చత్వారం. దానికి ప్లస్ పవర్ కావాలి. 2018లోనూ 2023లోనూ తెలంగాణ ప్రభుత్వం జరిపిన కంటి వెలుగు శిబిరాల్లో పెద్దవాళ్ళకు అక్కడికక్కడే చేతికిచ్చినవి ఈ రెండో రకం, చదువుకునే అద్దాలు. తాతకు వచ్చిన ఆ అద్దాలను మనవడికి పెట్టి ‘కనిపిస్తోందా’ అని అడిగిన ఇళ్ళను నేను చూశాను. హ్రస్వదృష్టి ఉన్న పిల్లవాడికి ఆ అద్దాలతో దూరం ఇంకా మసకబారుతుందే తప్ప మెరుగుపడదు.

పనిలోకి దిగే ముందు ఒక విషయం మనసులో వేరు చేసి పెట్టుకోండి. పిల్లవాడికి ఈ రోజు నల్లబల్ల కనిపించాలంటే ఏం చేయాలన్నది ఒక ప్రశ్న. వాడి కనుగుడ్డు అవసరానికి మించి పొడవు పెరగకుండా ఏం చేయాలన్నది ఇంకొక ప్రశ్న. మామూలు అద్దాలు మొదటిదానికి మాత్రమే జవాబు. ఈ రెంటినీ కలిపి ఆలోచించడం వల్లనే కొందరు అద్దాలను మందులా, మరికొందరు జబ్బులా చూస్తారు. పెద్దవాళ్ళ కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ కంటికి తగిన పొడవు కంటే ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగినా దాదాపు రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల (అద్దాల పవర్‌ను కొలిచే ప్రమాణం) హ్రస్వదృష్టి వస్తుంది, ఎందుకంటే బింబం రెటీనా (కంటి వెనక వెలుతురును పసిగట్టే పొర) మీద కాకుండా దానికి ముందే ఏర్పడుతుంది. పెరిగిన పొడవు మళ్ళీ తగ్గదు కాబట్టి కంటి వ్యాయామాలతోనో క్యారెట్లతోనో అద్దాలు తీసేయించవచ్చన్న మాటలకు ఖర్చు పెట్టకండి. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చేది రేచీకటి. అది వేరే జబ్బు.

ముందుగా ఇంట్లోనే కొలవండి

తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరాన్ని 9 మిల్లీమీటర్ల ఎత్తులో, అంటే ఇంచుమించు సుద్దముక్క మందమంత, మూడు గీతలూ వాటి మధ్య రెండు ఖాళీలూ సమానంగా ఉండేలా నాలుగైదు గీయండి. ఒకటి కుడివైపుకు, ఒకటి ఎడమవైపుకు, ఒకటి పైకి, ఒకటి కిందికి తెరుచుకోవాలి. తెలుగు అక్షరాలు వద్దు. వాటి వంపుల వల్ల కొలత తేడా వస్తుంది, పైగా చదవడం రాని పసివాళ్ళు కూడా ‘ఈ’ ఎటు తిరిగి ఉందో వేలితో చూపగలరు. కాగితాన్ని పట్టపగలు వెలుతురున్న గోడకు అంటించి, సరిగ్గా మూడు మీటర్ల దూరంలో పిల్లవాణ్ణి నిలబెట్టి, ఒక కంటిని అరచేతితో నొక్కకుండా మూయించి అడగండి, తర్వాత రెండో కంటితో అడగండి. కళ్ళు చికిలించనివ్వకండి. అన్న చెప్పిన జవాబులు తమ్ముడు కంఠస్థం చేస్తాడు కాబట్టి మధ్యలో కాగితాన్ని తిప్పి అంటించండి. ఏ కంటితోనైనా ఇవి సరిగా చెప్పలేకపోతే ఆ కంటి చూపు వైద్యులు 6/12 అని రాసే స్థాయి (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచే చదవగలగడం) కంటే తక్కువగా ఉందని అర్థం, కంటి వైద్యుడికి చూపించవలసిందే. అన్నీ చెప్పినా నల్లబల్ల కనిపించడం లేదని పిల్లవాడు అంటే అప్పుడూ చూపించండి, ఎందుకంటే ఈ ఇంటి పరీక్ష కొద్దిపాటి మసకను పట్టుకోలేదు.

దీనికి ఇంకొక చిన్న పరీక్ష జోడించండి. పెళ్ళిపత్రిక అట్టకు గుండుసూదితో మిల్లీమీటరు వెడల్పు రంధ్రం చేసి, దానిలోంచి అదే కాగితాన్ని చూడమనండి. రంధ్రంలోంచి చూస్తే స్పష్టత వచ్చిందంటే మసకకు కారణం చాలావరకు పవర్ తేడాయే. రంధ్రంలోంచి చూసినా తేడా లేకపోతే కారణం వేరే ఉండవచ్చు కాబట్టి ఆలస్యం చేయకండి.

పెద్దవాళ్ళు తమ పవర్‌ను టేపుతో కూడా అంచనా వేసుకోవచ్చు. అద్దాలు తీసి, ఒక కన్ను మూసి, దినపత్రికలోని చిన్న అక్షరాలను ముక్కు దగ్గర నుంచి మెల్లగా వెనక్కి జరుపుకుంటూ పోండి. అక్షరాల అంచు చెదరడం మొదలైన చోట ఆపి, కంటి నుంచి దూరం కొలవండి. వందను ఆ సెంటీమీటర్లతో భాగిస్తే వచ్చేదే ఇంచుమించు మీ మైనస్ పవర్. నా కుడికంటికి 28 సెంటీమీటర్ల దగ్గర చెదిరింది, భాగిస్తే మూడున్నర వచ్చింది, నా చీటీ మీద ఉన్నదీ అదే. పదో తరగతి పిల్లల చేత ఇది చేయిస్తే హ్రస్వదృష్టి పాఠం మళ్ళీ చెప్పవలసిన అవసరం రాదు. ఇది అంచనా మాత్రమే. సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేనప్పుడు రాసే పవర్) ఉన్నవారికి లెక్క సరిగా రాదు, దీనితో అద్దాలు చేయించుకోకూడదు.

యంత్రం ఇచ్చిన చీటీతో ఆగిపోకండి

ఇక్కడ మా ఇంట్లో జరిగిన పొరపాటు చెప్పాలి. మా అన్న కూతురు ఎనిమిదో తరగతిలో ఉండగా పట్టణంలోని ఒక అద్దాల దుకాణానికి తీసుకువెళ్ళారు. గడ్డం ఆనించి చూసే యంత్రం నుంచి రెండు కళ్ళకూ మైనస్ 1.75 అని చీటీ వచ్చింది, సాయంత్రానికి అద్దాలూ తయారయ్యాయి. రెండు వారాల పాటు అమ్మాయి తలనొప్పి అంటూనే ఉంది. దవాఖానలో చుక్కల మందు వేసి మళ్ళీ చూస్తే అసలు పవర్ మైనస్ 0.75. మిగిలిన ఒక డయాప్టరు కన్ను బిగబట్టడం వల్ల కనిపించినది. పిల్లల కంట్లో సహజ కటకాన్ని బిగించే కండరం చాలా బలంగా ఉంటుంది. యంత్రంలోకి చూసేటప్పుడూ, పరీక్షల ముందు గంటల తరబడి చదివినప్పుడూ అది బిగుసుకుపోయి లేని హ్రస్వదృష్టిని చూపిస్తుంది, ఉన్నదాన్ని పెంచి చూపిస్తుంది.

అందువల్ల పిల్లలకు మొదటిసారి అద్దాలు రాయించేటప్పుడు ‘చుక్కలు వేసి చూస్తారా’ అని తప్పక అడగండి. ఆ మందుతో కంటిపాప పెద్దదై, దగ్గరివి మసకబారి, ఎండ భరించలేనట్టుగా ఉంటుంది. వాడిన మందును బట్టి ఇది కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల వరకు ఉండవచ్చు. కాబట్టి మరుసటి రోజు పరీక్ష ఉన్నప్పుడు వెళ్ళకండి, వెంట టోపీ తీసుకువెళ్ళండి. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి పట్టణాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న పెద్ద దవాఖానలున్నాయి. కంటి విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందే కనుక్కుంటే ఒక బస్సు ఛార్జీ మిగులుతుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందం చూపును కూడా పరీక్షిస్తుంది కాబట్టి మీ అనుమానాన్ని తరగతి ఉపాధ్యాయుడికి ముందే చెప్పి ఉంచండి. చీటీ మీద ప్రతి కంటి పవరూ, సిలిండరూ, అద్దాలతో వచ్చిన చూపూ, తేదీ రాయించుకుని దాచండి. వచ్చే సంవత్సరం దానితో పని ఉంది.

అద్దాలు తప్పనిసరా అన్నది ఎలా తేల్చుకోవాలి

ప్రతి మైనస్‌కూ అద్దం అక్కర లేదు. మైనస్ 0.25 లేదా 0.5 ఉండి, రోజువారీ పనికి ఇబ్బంది లేని పెద్దమనిషి, ఉదాహరణకు బత్తాయి తోటలో పని చేసుకునే రైతు, అద్దాలు లేకుండా ఉన్నా కంటికి చెడు ఏమీ జరగదు. అదే మనిషి రాత్రిపూట సాగర్ రోడ్డు మీద బండి నడపాలంటే ఆ కొద్ది పవరే అవసరమవుతుంది. మూడేళ్ళ పసివాడి లోకమంతా చేతికందే దూరంలో ఉంటుంది కాబట్టి రెండు కళ్ళకూ సమానంగా కొద్ది పవర్ ఉంటే వైద్యుడు వేచి చూద్దాం అనవచ్చు. బడికి వెళ్ళే పిల్లల సంగతి వేరు. మైనస్ 1 ఉన్న కంటికి ఒక మీటరు దాటిన ప్రతిదీ ఎంతో కొంత మసకే, నల్లబల్ల అంతకు అనేక రెట్ల దూరంలో ఉంటుంది. ముందు బెంచీలో కూర్చోబెట్టడం రెండు వారాల సర్దుబాటు తప్ప పరిష్కారం కాదు.

వేచి చూడకూడని సందర్భాలు రెండున్నాయి. రెండు కళ్ళ పవర్ మధ్య పెద్ద తేడా ఉన్నప్పుడూ, మెల్ల ఉన్నప్పుడూ మెదడు మసక కంటి నుంచి వచ్చే బొమ్మను పక్కన పెట్టేస్తుంది. ఏడెనిమిదేళ్ళ లోపు సరిచేయకపోతే ఆ కంటికి తర్వాత ఎంత మంచి అద్దం పెట్టినా పూర్తి చూపు రావడం కష్టం. ఒక కన్ను బాగున్నందువల్ల ఇటువంటి పిల్లవాడు ఆడుతూ పాడుతూ తిరుగుతుంటాడు, ఎవరికీ అనుమానం రాదు. ఒక్కో కంటిని విడిగా మూసి చూడమని పైన చెప్పింది ఇందుకే.

నూరు మందిలో తొంభైమంది అడిగే ప్రశ్న, అద్దాలు పెడితే పవర్ పెరుగుతుంది కదా అని. ఎనిమిదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వరకు కన్ను పెరిగే వయసు, అద్దాలు వచ్చేదీ ఆ వయసులోనే. ఏటా పెద్ద చెప్పులు కొంటున్నందువల్లే పాదం పెరుగుతోందని మనం అనుకోవడం లేదు గదా. దీనికి తోడు ‘కాస్త తక్కువ పవర్ రాయండి, కన్ను అలవాటు పడకుండా ఉంటుంది’ అని వైద్యుణ్ణి బతిమాలేవారున్నారు. మలేసియాలో పిల్లల మీద ఇదే ప్రయత్నించి చూశారు. 2002లో ప్రచురించిన ఆ ఫలితాల్లో తక్కువ పవర్ ఇచ్చిన పిల్లల హ్రస్వదృష్టే ఎక్కువగా పెరిగింది. పూర్తి పవరే రాయించండి. పవర్ మూడు లోపు ఉన్నవారు పుస్తకం చదివేటప్పుడు అద్దాలు తీసి పక్కన పెట్టడంలో తప్పేమీ లేదు, పుస్తకం మరీ ముక్కు దగ్గరికి రానంతవరకు.

ఆడపిల్ల విషయంలో జరిగే వాయిదా గురించి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. పెళ్ళి సంబంధాలకు అడ్డమని పదమూడేళ్ళ పిల్ల చేత నాలుగేళ్ళు మసకలో చదివించడం అన్యాయం. 2002లోనే అచ్చయిన ఒక అధ్యయనంలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ళ పిల్లలను పరీక్షించారు. హ్రస్వదృష్టి ఉన్నవారు 4.1 శాతమే. మెరుగైన కంటితో కూడా 6/12 లేదా అంతకంటే తక్కువ చూపున్నవారు అద్దాలు లేకుండా 2.7 శాతం, తమకున్న అద్దాలతో 2.6 శాతం, సరైన అద్దాలు పెట్టి చూస్తే 0.78 శాతం. మొదటి రెండు అంకెల మధ్య ఉన్న ఆ చిన్న తేడాను గమనించండి: అద్దాలు కావలసిన పిల్లల్లో దాదాపు ఎవరికీ అద్దాలు లేవు.

ఫోన్ దూరాన్ని లెక్కించండి, వెలుతురును కూడా

ఫోన్ వెలుగు కంటిని పాడు చేస్తుందని నీలి కాంతిని ఆపే అద్దాలు అమ్ముతున్నారు. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2023లో 17 ప్రయోగాలను చూసి చేసిన సమీక్షలో, మామూలు అద్దాలతో పోలిస్తే అవి కంటి అలసటను తగ్గించినట్టు తేలలేదు. ఆ డబ్బు పిల్లల అద్దాలకు పగలని పాలీకార్బొనేట్ కటకాలు వేయించడానికి వాడండి. కంటి మీద అసలు భారం ఎంత దగ్గరగా చూస్తామన్నదానిలో ఉంది. ఫోన్‌ను 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మామూలు కన్ను 5 డయాప్టర్ల మేరకు బిగుసుకోవాలి, 33 సెంటీమీటర్ల దగ్గరి పుస్తకానికి 3, మూడు మీటర్ల దూరంలోని టీవీకి ఒకటిలో మూడో వంతు. 2020 సెప్టెంబరులో మన పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు యాదగిరి చానల్‌లోనూ టీ-శాట్‌లోనూ టీవీ ముందు కూర్చుని విన్నవాడి కంటికి, అదే పాఠం చేతిలోని ఫోన్‌లో చూసినవాడి కంటికి పడిన శ్రమ ఒకటి కాదు.

అందువల్ల ఇంట్లో పాఠమో సినిమానో చూడక తప్పకపోతే టీవీకి కలపండి. ఫోన్ పడుకుని చూడనివ్వకండి. చెయ్యి అలసిన కొద్దీ అది ముఖం మీదికి దిగుతుంది. మోచేతి నుంచి పిడికిలి వరకు ఉన్న దూరాన్ని చదువుకైనా ఫోన్‌కైనా కనీస దూరంగా అలవాటు చేయండి, దీన్ని పిల్లవాడు తన చెయ్యితోనే కొలుచుకోగలడు. ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి, ఇరవై అడుగులకు మించిన దూరంలో ఉన్న వేపచెట్టునో నీళ్ళ ట్యాంకునో ఇరవై సెకన్లు చూడమనండి. దీనివల్ల అలసటా, రెప్ప వేయక కళ్ళు ఆరిపోవడమూ తగ్గుతాయి. రెండేళ్ళ లోపు పసివాళ్ళకు ఫోన్ వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి ఫోన్ పట్టించే ఇళ్ళలో ఆ గంట మధ్యాహ్నానికే అయిపోతుంది.

దీనికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఆరుబయట గడిపే సమయం. పగటి వెలుతురు రెటీనాలో డోపమిన్ అనే రసాయనం విడుదలను పెంచుతుందనీ, అది కనుగుడ్డు పొడవు పెరగడాన్ని అదుపు చేస్తుందనీ పరిశోధకులు భావిస్తున్నారు. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపించిన పిల్లల్లో మూడేళ్ళలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం అని 2015లో ప్రచురించారు. ట్యూబులైటు వెలిగే గదిలో రెండు మూడు వందల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉంటే, బయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. మనకు కావలసిన మాట ఇదే: ఎండలో మాడనవసరం లేదు, నీడ చాలు. మర్రిచెట్టు కింద ఆడుకున్న గంట కూడా లెక్కలోకి వస్తుంది.

రోజుకు రెండు గంటలు అని లక్ష్యం పెట్టుకోండి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యాక పిల్లలు మధ్యాహ్నమంతా తలుపులు మూసుకుని ఫోన్‌తో గడుపుతారు, వేసవి సెలవులు దానికి తోడవుతాయి. మన దగ్గర కంటికి నష్టం జరిగే కాలం ఇదేనని నా అభిప్రాయం. ఆ నెలల్లో పొద్దున బడికి ముందు అరగంట, సాయంత్రం అయిదు నుంచి పొద్దు గూకే దాకా మిగిలినది సర్దండి. నల్లగొండలో ఉన్నవారు పానగల్లు చెరువు కట్ట మీద నడిపించవచ్చు. గురుకులాల్లో సాయంత్రం ఆటల గంటను స్టడీ అవర్‌గా మార్చే అలవాటు ఉంటే తల్లిదండ్రుల సమావేశంలో ఆ గంటను తిరిగి అడగండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఆరుబయటి ఆట హ్రస్వదృష్టి రాకుండా ఆపడంలో చేసినంత మేలు వచ్చిన తర్వాత పెరగకుండా ఆపడంలో చేయదు. కాబట్టి తల్లికో తండ్రికో అద్దాలున్న ఇంట్లో అయిదారేళ్ళ వయసు నుంచే దీన్ని మొదలుపెట్టాలి.

ఏడాదికి పాత చీటీ, కొత్త చీటీ పక్కపక్కన పెట్టండి

పిల్లలను ఆరు నెలల నుంచి ఏడాదికొకసారి చూపించండి. ఏడాదిలో అర డయాప్టరు లేదా అంతకు మించి పెరిగితే పెరుగుదలను నెమ్మదింపజేసే పద్ధతుల గురించి వైద్యుణ్ణి అడగండి. తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు ఒకటి. హాంకాంగ్‌లో మూడు మోతాదులను పోల్చిన ప్రయోగంలో 0.05 శాతం మందు 0.01 శాతం కంటే బాగా పనిచేసింది. అంచుల్లో ప్రత్యేకమైన నిర్మాణం ఉన్న కటకాలు మరొకటి, వాటి ధర మామూలు అద్దాలకు చాలా రెట్లు ఉంటుంది. ఏదైనా వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి. మందుల దుకాణంలో దొరికే 1 శాతం అట్రోపిన్‌ను సొంతంగా వాడకూడదు.

పెద్దవాళ్ళ పవర్ ఉన్నట్టుండి మారితే కొత్త అద్దాలకు ముందు రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి, చక్కెర హెచ్చుతగ్గులతో పవర్ మారుతుంది. అరవై దాటినవారికి అకస్మాత్తుగా అద్దాలు లేకుండా పేపరు చదవగలిగే శక్తి వస్తే సంతోషించే ముందు శుక్లం ఉందేమో చూపించండి.

మైనస్ 6 దాటినవారి కంట్లో రెటీనా సాగి పలచబడుతుంది, లేజర్ ఆపరేషన్‌తో అద్దాలు పోయినా కంటి పొడవు తగ్గదు కాబట్టి ఆ ప్రమాదం అలాగే ఉంటుంది. ఏడాదికొకసారి కంటిపాప పెద్దది చేయించి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. కంటి ముందు మెరుపులు మెరిసినా, నల్లని చుక్కలు ఒక్కసారిగా గుంపుగా రాలినట్టు కనిపించినా, ఒక పక్క నుంచి తెర దిగినట్టు అనిపించినా, నొప్పి లేదని ఊరుకోకుండా, రెటీనా చూసే వైద్యుడున్న ఆసుపత్రికి అదే పూట బయలుదేరండి.